చందుర్తి యుద్ధం మళ్లీ మీ బల్ల మీద: బొమ్మ సైన్యాలతో ఆడుకునే పద్ధతి

ఇంగ్లీషువాళ్లకీ ఫ్రెంచివాళ్లకీ మధ్య 1758లో జరిగిన చందుర్తి యుద్ధాన్ని మేం మొదటిసారి బల్ల మీద ఆడినప్పుడు ఆట సాగనే లేదు. ఫ్రెంచి పక్షం తీసుకున్న మా బావ ముందు రోజు రాత్రే చదువుకుని వచ్చాడు. జొన్న చేలో ఎవరు దాక్కున్నారో ఆయనకి తెలుసు. తన సైన్యం మొత్తాన్ని ఫిరంగుల పక్కన నిలబెట్టి, కాళ్లు చాపుకుని కూర్చున్నాడు. "నువ్వే రా బామ్మర్దీ, నాకేం తొందర లేదు" అన్నాడు. రెండు గంటలు ఫిరంగి పాచికలు వేసుకుని, టీ తాగి లేచాం.

తప్పు ఆయనది కాదు, నాది. బొమ్మలకి రంగులు వేయడానికి మూడు నెలలు పట్టించుకున్న నేను, 1758 డిసెంబరులో ఫ్రెంచి సేనాని కాన్‌ఫ్లాన్స్‌కి ఏం తెలియదో ఆ సంగతి ఆటలో పెట్టడం మర్చిపోయాను. పాత యుద్ధాన్ని తిరిగి ఆడటంలో అసలు కష్టం అక్కడే ఉంది. కింద చెప్పే పద్ధతి ఆ తర్వాత నాలుగైదు సార్లు ఆడి, కొట్టేసి, మళ్లీ రాసుకున్నది. ఇద్దరు ఆటగాళ్లు, ఒక అంపైర్, ఒక ఆదివారం మధ్యాహ్నం ఉంటే సరిపోతుంది.

ముందు కథ

ఏ యుద్ధమైనా బల్ల మీదకి తెచ్చేముందు ఒక పేజీలో రాసుకోండి: ఎవరు, ఎందుకు, ఎక్కడ, ఏ ఒక్క సంఘటన ఫలితాన్ని తిప్పింది. ఒక పేజీ దాటితే మీరు చరిత్ర పుస్తకం రాస్తున్నట్టు, ఆట తయారుచేస్తున్నట్టు కాదు.

చందుర్తి పేజీ ఇలా ఉంటుంది. 1753లో నిజాం సలాబత్ జంగ్ ఉత్తర సర్కారులను ఫ్రెంచివాళ్లకి ఇచ్చాడు. 1757 జనవరిలో బొబ్బిలి కోట పడింది, వెంటనే తాండ్ర పాపారాయుడి చేతిలో విజయనగరం విజయరామరాజు పోయాడు. ఆయన తర్వాత వచ్చిన ఆనంద గజపతి రాజుకి ఫ్రెంచివాళ్లతో పొసగలేదు. 1758లో ఇక్కడి ఫ్రెంచి సేనాని బుస్సీని, ఈ దేశంలో ఫ్రెంచివాళ్ల పెద్ద లాలీ దక్షిణానికి పిలిపించుకోగానే ఆనంద గజపతి విశాఖపట్నం పట్టుకుని, ఇంగ్లీషువాళ్లకి కబురు పెట్టాడు. కలకత్తా నుంచి క్లైవ్ ఓడల మీద కల్నల్ ఫోర్డ్‌ని పంపాడు. ఫోర్డ్, రాజు కశింకోట దగ్గర కలిశారు. డబ్బు విషయంలో ఇద్దరికీ పేచీలు నడుస్తూనే ఉన్నాయి. అలాగే గోదావరి వైపు కదిలి, ఇప్పటి కాకినాడ జిల్లా గొల్లప్రోలు దగ్గర చందుర్తిలో ఫ్రెంచివాళ్లకి ఎదురుపడ్డారు. ఇంగ్లీషు రాతల్లో దీని పేరు ‘కొండోర్’.

ఇక తిప్పిన సంఘటన. ఫోర్డ్ తన యూరోపియన్ పటాలాన్ని మధ్యలో, సిపాయిలను రెండు పక్కలా పెట్టాడు. మధ్యలో ఉన్న పటాలం ఎత్తుగా పెరిగిన చేను వెనక పడి ఫ్రెంచివాళ్లకి కనపడకుండా పోయింది. బెంగాల్ నుంచి వచ్చిన సిపాయిలు వేసుకున్నవి ఎర్రకోట్లు. క్లైవ్ 1757లో కట్టిన సిపాయి పటాలానికి ‘లాల్ పల్టన్’ అని పేరొచ్చింది ఆ కోట్ల వల్లే. దక్షిణాదిలో ఫ్రెంచివాళ్లు చూసిన సిపాయిలు మాత్రం తెల్లబట్టల వాళ్లు. ఎర్రకోటు అంటే ఇంగ్లీషువాడే అని వాళ్ల లెక్క. పైగా సిపాయిల దగ్గర ఒక్కో దళానికి ఇన్ని అని ఉండే చిన్న జెండాలు ఆ రోజు పైకి లేవలేదు. చుట్టి నేల మీద పెట్టమని ఫోర్డ్ చెప్పాడని అప్పటి చరిత్రకారుడు ఓర్మ్ రాశాడు. దాంతో కాన్‌ఫ్లాన్స్ తన యూరోపియన్ పటాలాన్ని ఫోర్డ్‌కి ఎడమవైపున్న ఎర్రకోట్ల మీదకి తోలాడు. వాళ్లు సిపాయిలు. నిలబడలేక చెదిరారు. ఫ్రెంచివాళ్లు వరస తప్పి వెంటపడ్డారు. అప్పుడు చేను చాటునుంచి అసలు ఇంగ్లీషు పటాలం ఎడమకి తిరిగి పక్కనుంచి కాల్చింది. ఫ్రెంచి పటాలం వెనక్కి పరిగెత్తింది. వాళ్ల ఫిరంగులేమో అర మైలు వెనకే ఉండిపోయాయి.

ఒక కోటు రంగు, ఒక చేను, వెనకబడిన ఫిరంగులు. మీ ఆటలో ఈ మూడూ పనిచేయాలి. మిగతావి సరిగ్గా కుదరకపోయినా పర్లేదు.

మనుషుల లెక్క నుంచి బేసుల లెక్క

బొమ్మలను ఒక్కొక్కటిగా కదపలేం. చిన్న పలక మీద నాలుగో, ఆరో బొమ్మలు అంటించి, ఆ పలకనే కదుపుతాం. దాన్ని బేస్ అంటాం. నేను వాడేది 4 సెంటీమీటర్ల వెడల్పు, 2 సెంటీమీటర్ల లోతు.

సుమారు లెక్కలు ఇవి. ఫోర్డ్ దగ్గర 470 మంది యూరోపియన్లు, 1,900 మంది సిపాయిలు, 6 ఫిరంగులు. రాజుగారి వైపు 5,000 కాల్బలం, 500 గుర్రాలు, కొద్దిమంది యూరోపియన్లు నడిపే 4 ఫిరంగులు. కాన్‌ఫ్లాన్స్ దగ్గర 500 మంది యూరోపియన్లు, 6,000 మంది సిపాయిలు, 500 గుర్రాలు, 30 దాకా ఫిరంగులు.

ఇప్పుడు కాస్త కూడికలు. 470 మంది మూడు వరసల్లో నిలబడితే వరసకి 157 మంది. భుజం భుజం తగిలేలా నిలబడిన మనిషికి అరవై సెంటీమీటర్ల లోపు చోటు. అంటే పటాలం వెడల్పు 90 మీటర్లు. దాన్ని 4 బేసులుగా చూపిస్తే బల్ల మీద 16 సెంటీమీటర్లు. కాబట్టి ఒక సెంటీమీటరు అంటే దాదాపు 6 మీటర్లు. ఆరడుగుల బల్ల, అంటే 180 సెంటీమీటర్లు, నేల మీద ఒక కిలోమీటరు పైచిలుకు. ఈ మైదానానికి అది చక్కగా సరిపోతుంది.

ఇదే కొలతలో 6,000 మంది ఫ్రెంచి సిపాయిలను నిలబెట్టి చూడండి. వరసకి 2,000 మంది, 1,100 మీటర్ల పైన, బల్ల దాటి గోడకి తగులుతారు. నేను ఇక్కడే వారం రోజులు ఆగిపోయాను. చివరికి చేసింది చిన్న మోసం: యూరోపియన్లకి బేసుకి 120 మంది, సిపాయిలకి బేసుకి 240 మంది, రాజుగారి కాల్బలానికి బేసుకి 500 మంది. పటాలం తిరగడం, పక్కకి పడటం కళ్లకి కనపడాల్సింది యూరోపియన్లకే కాబట్టి వాళ్లకి ఎక్కువ బేసులు. సిపాయిలకి ‘ఇటు ఇంతమంది, అటు అంతకి మూడింతలు’ అన్నది తెలిస్తే చాలు.

అలా వచ్చిన పట్టీ:

ఫోర్డ్: యూరోపియన్లు 4, సిపాయిలు 8 (ఎడమ 4, కుడి 4), ఫిరంగులు 3.
ఆనంద గజపతి: కాల్బలం 10, గుర్రాలు 2, ఫిరంగులు 2.
కాన్‌ఫ్లాన్స్: యూరోపియన్లు 4, సిపాయిలు 24 (నాలుగేసి బేసుల ఆరు జట్లు), గుర్రాలు 2, మైదానంలో ఫిరంగులు 6, వెనక శిబిరంలో కదలని ఫిరంగులు 3.

మొత్తం 68 బేసులు. ఒక్కడే కూర్చుని చేస్తే రెండు నెలల సాయంత్రాలు. ఇంట్లో పిల్లలుంటే కత్తిరించే పని వాళ్లకివ్వండి, కత్తెర మాత్రం మొండిది ఇవ్వండి.

బొమ్మలు: కొనాలా, చేసుకోవాలా

తగరం, ప్లాస్టిక్ బొమ్మలు బయట దేశాల్లో దొరుకుతాయి. 28 మిల్లీమీటర్లవి చూడ్డానికి బాగుంటాయి కానీ 50 పదాతి బేసులకి ఆ సైజు కొంటే, కస్టమ్స్ సుంకం కలిపి, ఇంట్లో చెప్పుకోలేని బిల్లు అవుతుంది. 10 లేదా 15 మిల్లీమీటర్లవి కొంత నయం. ‘ఏడేళ్ల యుద్ధం’ (చందుర్తి నాటి యూరప్ యుద్ధం) కాలపువి అని వెతికితే యూరోపియన్లు దొరుకుతారు. సిపాయిలు అంత తేలిగ్గా దొరకరు.

నా సలహా: మొదటి ఆటకి కాగితం బొమ్మలు చేసుకోండి. కంప్యూటర్లో ఒక సిపాయిని గీసి, ఆరుగురిని పక్కపక్కన పెట్టి 4 సెంటీమీటర్ల పట్టీ చేయండి. దాని పైన అదే పట్టీని తలకిందులుగా, వెనకవైపు బొమ్మతో పెట్టండి. జిరాక్సు షాపులో మందపాటి కార్డు మీద కలర్ ప్రింటు తీయించి, మధ్యలో మడిచి అంటిస్తే రెండువైపులా బొమ్మ ఉన్న వరస నిలబడుతుంది. బేసుకి పాత పెళ్లి శుభలేఖల అట్ట బ్రహ్మాండం. మన ఇళ్లలో ఆ సరుక్కి కొరత లేదు.

ఒక్క బేసు ఎలా చేస్తానో చెప్తా. అట్టని 4 బై 2 కోసి, అంచులకి నల్ల స్కెచ్ పెన్ను గీస్తాను, తెల్ల అంచు కనపడితే బల్లంతా పాడవుతుంది. బొమ్మల పట్టీ కింద అర సెంటీమీటరు రెండువైపులా మడతకి వదిలి ఉంటుంది కదా, దానికి ఫెవికాల్ రాసి అట్ట మధ్యలో నిలబెడతాను. పది నిమిషాలు కదపకూడదు. ఆరాక అట్ట పైభాగమంతా ఫెవికాల్‌లో కాసిన్ని నీళ్లు కలిపి బ్రష్‌తో రాసి, జల్లెడ పట్టిన ఇసుక చల్లుతాను. రాత్రంతా ఆరనిచ్చి, పొద్దున తిరగేసి తడితే మిగిలిన ఇసుక రాలిపోతుంది. ఇసుక మీద మట్టిరంగు అక్రిలిక్ ఒక పూత. అంతే. బేసు అడుగున జట్టు పేరు పెన్సిల్‌తో రాసుకోవడం మర్చిపోకండి.

రంగుల విషయంలో ఒకటే కచ్చితంగా పాటించండి. ఇంగ్లీషు యూరోపియన్లకి, కంపెనీ సిపాయిలకి ఒకే ఎరుపు, ఒకే డబ్బాలోది. ఫ్రెంచి యూరోపియన్లకి, వాళ్ల సిపాయిలకి తెలుపు. సిపాయికి తలపాగా, పొట్టి నిక్కరు, ఉత్త కాళ్లు. దగ్గరికెళ్లి చూస్తే తేడా తెలుస్తుంది, బల్ల అవతల నుంచి చూస్తే తెలియదు. కాన్‌ఫ్లాన్స్‌కి జరిగింది కూడా అదే. కంపెనీ సిపాయిల బేసులకి జెండాలు అంటించకండి. గుండుసూదికి చుట్టి విడిగా చేసుకుని, ఆట మొదలయ్యేటప్పుడు బల్ల మీద పడుకోబెట్టండి.

నేల

బల్ల మీద పరిచే గుడ్డ అందరూ ఆకుపచ్చది కొంటారు. డిసెంబరు నెల ఇది, కోతలయిన మడి పచ్చగా ఉండదు. గోనెరంగు గుడ్డ తీసుకోండి. మడి గట్లకి గుడ్డ కింద సుతిలి తాడు పరిస్తే సన్నగా ఉబ్బి కనిపిస్తుంది. ఊరికి ఏడెనిమిది పూరిళ్లు చాలు: అట్టతో గోడలు, చీపురు పుల్లల తుంపులతో కప్పు. తాటిచెట్లు పెట్టండి, గోదావరి జిల్లా అని ఎవరూ చెప్పక్కర్లేకుండా తెలుస్తుంది.

జొన్న చేనుకి మాత్రం కాస్త కష్టపడండి. ఇంగ్లీషు రాతల్లో ‘ఇండియన్ కార్న్’ అని ఉంటుంది. మన వైపు మనిషిని దాచేంత ఎత్తు పెరిగే చేను అంటే జొన్నే అని నేను జొన్నగా తీసుకున్నాను. కొబ్బరిపీచు డోర్‌మ్యాట్ ఒకటి కొని 10 సెంటీమీటర్ల చదరాలుగా కోయండి. పీచు చివర్లకి ఎండుగడ్డి రంగు, పైపైన కొంచెం పసుపు అద్దండి. ఇలాంటివి ఆరు ముక్కలు కావాలి. చేలో ఉన్న బేసులు కనపడాలంటే ముక్క తీసి పక్కన పెడితే సరి. మ్యాట్ కోసేటప్పుడు పీచు ఇల్లంతా ఎగురుతుంది. డాబా మీద కోసుకోండి. నేను హాల్లో కోసి మాట పడ్డాను.

బల్లకి ఒక పొడుగు అంచు ఇంగ్లీషువాళ్లది, ఎదుటిది ఫ్రెంచివాళ్లది. చేను ముక్కలు ఆరూ ఇంగ్లీషు వరసలు నిలబడే చోటికి ముందు, మధ్యలో కాస్త ఎడమకి. కుడివైపు 30 సెంటీమీటర్ల పొలం గట్టు ఒకటి. ఊరు బల్ల మధ్యకి దగ్గరగా, కుడి పక్కన. ఫ్రెంచి శిబిరం వాళ్ల అంచుకి ఆనుకుని.

నియమాలు

పుస్తకం సైజు నియమాలు కొనుక్కుని వాడొచ్చు. ఈ యుద్ధానికి మాత్రం ఒక పేజీ చాలు. కావాల్సినవి మామూలు ఆరు ముఖాల పాచికలు పదహారు, టేపు, కలవరం చూపించడానికి ఎర్ర పూసలు లేదా గురివింద గింజలు.

ఒక వంతు అంటే సుమారు ఐదు నిమిషాలు. వంతులో ముందు ఒక పక్షం కదులుతుంది, తర్వాత రెండోది. ఆ తర్వాత ఇద్దరి కాల్పులు. చివర ధైర్యం పరీక్ష. ముందు ఎవరు కదలాలో ప్రతి వంతుకీ పాచిక చెబుతుంది.

కదలిక: వరసలో ఉన్న పదాతి 12 సెంటీమీటర్లు, గుర్రాలు 30, మనుషులు లాగే ఫిరంగులు 8. ఈ పన్నెండుకీ ఎనిమిదికీ మధ్య తేడా ఊరికే పెట్టలేదు. ఫ్రెంచి పటాలం ఐదు వంతులు ఆపకుండా నడిస్తే ఫిరంగులు 20 సెంటీమీటర్లు వెనకబడతాయి. వాటికోసం ఆగాలా, ఎర్రకోట్ల వెంట పడాలా అన్నది కాన్‌ఫ్లాన్స్ ఆడేవాడే తేల్చుకోవాలి. కాల్చాలనుకున్న ఫిరంగి ఆ వంతులో కదలకూడదు కాబట్టి ఇంకా వెనకే పడుతుంది.

కాల్పులు: తుపాకీ 15 సెంటీమీటర్లు, ఫిరంగి గుండు 90, దగ్గరి చెర్రా (ఒకేసారి చిన్న గుళ్లు చిమ్మే ఫిరంగి కాల్పు) 30. పదాతి బేసుకి రెండు పాచికలు. యూరోపియన్లకి 4, 5, 6 పడితే దెబ్బ. సిపాయిలకి 5, 6. రాజుగారి కాల్బలానికి 6 ఒక్కటే. ఫిరంగి బేసుకి గుండయితే రెండు పాచికలు, చెర్రా అయితే నాలుగు, 5, 6 పడితే దెబ్బ. ఏ జట్టయినా ఆటలో మొదటిసారి కాల్చేటప్పుడు ఒక అంకె తేలిక: తీరిగ్గా నింపుకున్న తుపాకులు కదా. పక్కనుంచి కాలిస్తే పాచికలు రెట్టింపు. గట్టు చాటున ఉన్నవాళ్ల మీద కాలిస్తే ఒక అంకె కష్టం.

దెబ్బ అంటే చావు కాదు, కలవరం. దెబ్బకి ఒక గింజ జట్టు వెనక పెట్టండి. వంతు చివర గింజలున్న ప్రతి జట్టూ రెండు పాచికలు వేసి కూడాలి. మొత్తం గింజల సంఖ్య కంటే ఎక్కువ రావాలి. రాకపోతే జట్టు వెనక్కి తిరిగి 20 సెంటీమీటర్లు పరుగు. సిపాయిల మీద యూరోపియన్లు కాలిస్తే ఆ పరీక్షకి రెండు గింజలు అదనంగా లెక్కపెట్టండి. శత్రువుని తరుముతున్న జట్టుకీ అలాగే రెండు: వరస తప్పింది కాబట్టి. కదలకుండా, కాల్చకుండా ఒక వంతు నిలబడి, పక్కన సేనాని ఉంటే రెండు గింజలు తీసేయొచ్చు.

ఈ అంకెలు గాలిలోంచి తీసినవి కావు. ఫ్రెంచి పటాలం ఎడమ సిపాయిల మీద మొదటి కాల్పు కాలుస్తుంది: 8 పాచికలు, 3 నుంచి 6 దాకా దెబ్బ, సగటున ఐదు. కాల్చింది యూరోపియన్లు కాబట్టి మరో రెండు కలిపితే ఏడు. సిపాయిలు నిలబడాలంటే ఎనిమిదీ ఆ పైన పడాలి, 36లో 15 సార్లు. ఎక్కువసార్లు పారిపోతారు, అప్పుడప్పుడు నిలబడతారు. ఇప్పుడు చేలోంచి ఇంగ్లీషు పటాలం పక్కకి కాల్చింది: 16 పాచికలు, 3 నుంచి 6 దెబ్బ, సగటున పది. తరుముతున్నందుకు మరో రెండు. పన్నెండు దాటాలి అంటే ఇక ఆశ లేదు. అదే రెండు పటాలాలు ఎదురెదురుగా మామూలుగా కాల్చుకుంటే 8 పాచికలకి నాలుగు దెబ్బలు, ఐదు పడితే చాలు, 36లో 30 సార్లు నిలబడతారు. పక్క దొరికితేనే ఫలితం తేలుతుంది. కాగితం మీద ఇలా లెక్క చూసుకోకుండా ఏ నియమాన్నీ బల్లకెక్కించకండి.

రాజుగారి సేనకి వేరే నియమం. ప్రతి వంతూ ఒక పాచిక; 5, 6 పడితేనే ముందుకు కదులుతుంది. ఆయన ఫిరంగులు మాత్రం ఎప్పుడూ మామూలుగానే కాలుస్తాయి. కంపెనీవాళ్ల రాతలు రాజుగారి బలగాన్ని పనికిరాని గుంపు అన్నట్టే చెబుతాయి. రాసింది ఎవరో, డబ్బు దగ్గర ఆయనతో ఎలా గొడవపడ్డారో గుర్తుపెట్టుకుని చదవాలి. నేను మొదట 6 పడితేనే అని పెట్టాను, ఇప్పుడు 5 కూడా ఇచ్చాను. ఆనంద గజపతి పక్షాన మూడో ఆటగాడు ఉంటే, ఈ పాచిక వేయడంతో పాటు ఫోర్డ్‌తో బేరం ఆడే హక్కు కూడా ఆయనకివ్వండి. విజయనగరం నుంచి వచ్చిన మిత్రుడొకడు ఆ వేషం కట్టినప్పుడు ఆట కంటే బేరమే రక్తి కట్టింది.

దాచడం

మా బావ కుర్చీలో కాళ్లు చాపిన చోటికి మళ్లీ వద్దాం. జొన్న చేలో ఎవరున్నారో ఆయనకి తెలుసు. నేను మూడు ఉపాయాలు ప్రయత్నించాను.

మొదటిది, పేర్లు మార్చడం. యుద్ధం చందుర్తి అని చెప్పకుండా, ఊహా రాజ్యాల మధ్య పోరు అని చెప్పి ఆడించాను. ఒకసారికి పనిచేసింది. తాటిచెట్లు, తలపాగాలు చూశాక రెండోసారి ఎవరూ నమ్మలేదు.

రెండోది, అంపైర్. ప్రష్యా సైన్యంలో 19వ శతాబ్దం మొదట్లోనే అధికారులకి నేర్పడానికి ఇలాంటి ఆట వాడేవారు. రెండు పక్షాలూ ఆజ్ఞలు కాగితం మీద రాసి ఇస్తే, అసలు ఏం జరిగిందో అంపైర్ చెప్పేవాడు. ఎవరు ఏం చూడగలరో అంతే చూస్తారు. దీనికి మించింది లేదు కానీ, అంపైర్‌కి ఓపిక కావాలి, ఆటగాళ్లకి ఆయన మీద నమ్మకం కావాలి.

మూడోది నేను స్థిరపడిన పద్ధతి. ఇంగ్లీషు వరసలో మూడు చోట్లు ఉంటాయి: ఎడమ, మధ్య, కుడి. ఆట మొదలయ్యే ముందు ఫోర్డ్ ఆడేవాడు యూరోపియన్ పటాలం ఏ చోట ఉందో చీటీ మీద రాసి, మడిచి, అంపైర్‌కి ఇస్తాడు. చరిత్రలో మధ్య, ఆటలో ఎక్కడైనా పెట్టుకోవచ్చు. బల్ల మీద మూడు చోట్లా ఒకే రకం ఎర్ర అట్ట పలకలు, 16 సెంటీమీటర్లవి. బొమ్మలు పెట్టరు. చేను వెనక ఉన్న పలకని అసలు పెట్టనే పెట్టరు, అంపైర్ కాగితం మీద మాత్రమే ఉంటుంది. కాబట్టి బల్ల మీద కనిపించేవి రెండు ఎర్ర పలకలు, ఒక జొన్న చేను. ఫ్రెంచి జట్టేదైనా పలకకి 15 సెంటీమీటర్లలోకి వస్తేనో, పలక కాలిస్తేనో, దాని కింద ఎవరున్నారో తీసి బొమ్మలు పెడతారు. చేను విషయంలో ఆ దూరం 6 సెంటీమీటర్లే.

ఇప్పుడు చరిత్ర చదువుకుని వచ్చినవాడికీ తంటానే. ఫోర్డ్ చరిత్ర ప్రకారమే పెట్టాడా, లేక ఇతను చదువుకుని వస్తాడని తెలిసి, పటాలాన్ని ఎడమవైపు పెట్టి చేలో సిపాయిలను దాచాడా? మా బావ రెండోసారి ఆడినప్పుడు ఒక వంతు మొత్తం చేను వైపే చూస్తూ కూర్చున్నాడు. టెన్షన్ అంటే అదీ. తనకి తెలిసిందే ఆయనకి శత్రువైంది.

ఒక ఖర్చు పెట్టాలి, లేకపోతే ఫోర్డ్‌కి మరీ తేలికైపోతుంది. పడుకోబెట్టిన జెండాలు గుర్తున్నాయా? జెండా నిలబెడితే సిపాయి పలక అని ఫ్రెంచివాడికి తెలిసిపోతుంది, కానీ ఆ జట్టు పరీక్షలో ఒక గింజ తక్కువ లెక్కపెడతారు. దాచుకోవాలా, ధైర్యం చెప్పాలా అన్నది ఫోర్డ్ ఇష్టం. ఈ జెండా నియమం నా కల్పన, చరిత్రలో ఆధారం జెండాలు పడుకోబెట్టడం వరకే.

ఫ్రెంచివాడిని లేపడం

ఎంత దాచినా, అవతలివాడు కదలకపోతే ఆట లేదు. కదలడానికి కారణం గెలుపు లెక్కలో ఉండాలి. ఆ ఉదయం ఫోర్డ్ ఊరివైపు కదలడం చూసి కాన్‌ఫ్లాన్స్ తన బలగాన్ని బయటికి తీశాడు. అందుకే ఊరికి విలువ కట్టాను. ఆట 12 వంతులు. ఎనిమిదో వంతు చివరికి ఊళ్లో ఇంగ్లీషు పదాతి ఉంటే ఫోర్డ్‌కి 3 పాయింట్లు, లేకపోతే కాన్‌ఫ్లాన్స్‌కి 3. ఎదుటి యూరోపియన్ పటాలం పారిపోతే 4. పట్టుకున్న ప్రతి ఫిరంగి బేసుకి 1. ఫ్రెంచి శిబిరంలోకి ఇంగ్లీషు జట్టు అడుగుపెడితే 3.

శిబిరం మీదకి వెళ్లేటప్పుడు కుడివైపు సిపాయిలు అక్కరకొస్తారు. ఆ రోజు కుడిపక్క సిపాయిలతో ఉన్న కెప్టెన్ నాక్స్ తర్వాత ఫోర్డ్‌తో కలిసి ముందుకు నడిచాడు. అందుకే గట్టు పెట్టమన్నాను. నాలుగు బేసులవాళ్లు తమకి రెండు మూడింతల ఫ్రెంచి సిపాయిల ముందు ఆరేడు వంతులు నిలబడితేనే ఆఖర్న ఫోర్డ్ చేతిలో ఏమైనా మిగులుతుంది. కొత్తగా ఆడేవాళ్లు చేను మీదే కళ్లుపెట్టి ఈ కుడిపక్కని వదిలేసి ఓడిపోతుంటారు.

సేనానులకి విడి బొమ్మలు పెట్టండి: ఫోర్డ్, నాక్స్, యూరోపియన్లతో నడిచిన కెప్టెన్ ఆడ్నెట్, అవతల కాన్‌ఫ్లాన్స్. సేనాని ఉన్న జట్టుకి ఒకే కాల్పులో నాలుగు దెబ్బలు తగిలితే ఒక పాచిక. 1 పడితే ఆయన పడిపోయినట్టు. ఆడ్నెట్ ఆ రోజు నిజంగానే ప్రాణాంతకంగా గాయపడ్డాడు. కాన్‌ఫ్లాన్స్ మటుకు గుర్రమెక్కి రాజమహేంద్రవరం దాకా ఆగలేదు.

ఆడే రోజు

బల్ల ముందు రాత్రే పరిచి పెట్టండి. నియమాల పేజీ రెండు కాపీలు తీసి ఇద్దరికీ ఇవ్వండి. కథ పేజీ ఇద్దరికీ వేర్వేరుగా రాయండి: కాన్‌ఫ్లాన్స్ పేజీలో ‘ఎర్రకోట్లు ఇంగ్లీషువాళ్లవి, సిపాయిలు తెల్లబట్టలు కడతారు’ అని ఆయన నమ్మిందే ఉండాలి. మొదటి రెండు వంతులు అంపైర్ పక్కనుండి నడిపించాలి, మూడో వంతుకి ఎవరికివాళ్లకి అలవాటైపోతుంది. మొత్తం మూడు గంటలు పడుతుంది. భోజనం ఆరో వంతు అయ్యాక పెట్టుకోండి. మధ్యలో లేస్తే అవతలివాడి చీటీ మీద కన్నుపడే అవకాశం ఉంది, అది మా ఇంట్లో జరిగింది కూడా.

ఆట అయ్యాక ఒక నోటుబుక్కులో నాలుగు ముక్కలు రాయండి: పటాలం ఎక్కడ దాచారు, పలక ఎన్నో వంతులో తెరుచుకుంది, ఫ్రెంచి ఫిరంగులు అప్పటికి ఎంత వెనక ఉన్నాయి, ఎవరికి ఎన్ని పాయింట్లు. మూడు నాలుగు ఆటలయ్యాక ఏ అంకె సరిగ్గా లేదో ఆ పేజీలే చెబుతాయి. ఫిరంగుల కదలిక నేను మొదట 10 సెంటీమీటర్లు పెట్టి, ఆ పుస్తకం చూసే 8కి తగ్గించాను.

సర్దేటప్పుడు బేసుల కింద అయస్కాంతం షీటు ముక్క అంటిస్తే ఇనప స్వీట్ల డబ్బాలో కదలకుండా నిలబడతాయి. డబ్బా అయస్కాంతానికి అంటుకుంటుందో లేదో ముందే చూసుకోండి, కొన్నిటికి అంటదు. ఎర్రకోట్లన్నీ ఒకే డబ్బాలో కలిపి పెట్టండి. యూరోపియన్లకి వేరే, సిపాయిలకి వేరే పెట్టుకుంటే, తర్వాతి ఆదివారం ఏ డబ్బా మూత ముందు తీశారో చూసి మా బావలాంటివాడు పట్టేస్తాడు.